పుట్టబోయేవారి వాటా
(ఒక సామాజిక సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నేటి సదస్సులో మాకు అప్పగించిన అంశం ‘ప్రపంచ ఆర్థిక వ్యవస్థలో సార్వభౌమ నిధుల పాత్ర’. ఇది విశ్వవిద్యాలయ ఆచార్యులు మాట్లాడవలసిన విషయమని మీకు తోచవచ్చు. మేము ఆచార్యులము కాము. ప్రభుత్వ కార్యాలయంలో క్యాష్‌బుక్ రాసి, చలానాలు సరిచూసి, ఆడిట్ అభ్యంతరాలకు జవాబులు తయారుచేసి పదవీ విరమణ పొందిన గుమాస్తాలము. అందుచేత ఈ విషయాన్ని గుమాస్తా కంటితోనే చూడగలము. డబ్బు ఎక్కడినుండి వచ్చింది? ఎవరి పేరున జమ అయింది? ఎవరి సంతకంతో బయటికి పోయింది? ఆ లెక్కను ఎవరు చూశారు? పది రూపాయల ఖాతాకైనా, లక్షల కోట్ల డాలర్ల ఖాతాకైనా ఈ నాలుగు ప్రశ్నలే వర్తిస్తాయి.

మొదట మన ఇంటి ముచ్చటతో ప్రారంభిస్తాము. 1990 ఆగస్టు 2వ తేదీన ఇరాక్ సైన్యాలు కువైట్‌ను ఆక్రమించాయి. ఆ రోజుల్లో మేము కడప జిల్లాలో ఉద్యోగంలో ఉన్నాము. కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాలలో కువైట్‌కు మనిషిని పంపని వీధి ఉండేది కాదు. అక్కడ చిక్కుకున్న భారతీయులను అమ్మాన్ నగరం మీదుగా విమానాలలో స్వదేశానికి చేర్చారు. అలా తిరిగివచ్చినవారు దాదాపు 1,70,000 మంది. వారిలో మనవారు అనేకులు కట్టుబట్టలతో వచ్చారు. బ్యాంకులో దాచుకున్న దీనార్లు అక్కడే ఉండిపోయాయి, రావలసిన జీతాలు అక్కడే ఆగిపోయాయి. తరువాత ఐక్యరాజ్యసమితి పరిహార సంఘం ఏర్పడినప్పుడు, సాయంత్రం వేళల్లో మా ఇంటి అరుగు మీద కూర్చొని ఎందరికో దరఖాస్తు ఫారాలు పూరించి ఇచ్చాము. ‘మీరు పోగొట్టుకున్నదానికి రుజువు ఏమిటి?’ అన్న గడి దగ్గరకు వచ్చేసరికి చాలామంది మౌనంగా తల వంచుకునేవారు. రసీదు లేదు, కాగితం లేదు. చేతుల మీద పని గుర్తులు మాత్రమే ఉండేవి.

సరిగ్గా ఆ నెలల్లోనే మరొక సంగతి జరిగింది. దేశం చేజారినా కువైట్ ప్రభుత్వం దివాళా తీయలేదు. సౌదీ అరేబియాలోని తాయిఫ్ నగరం నుండి ప్రవాస ప్రభుత్వం నడిచింది. విదేశాలలో తలదాచుకున్న కువైట్ పౌరులకు భత్యాలు అందాయి. విమోచన అనంతరం దేశ పునర్నిర్మాణానికీ డబ్బు దొరికింది. చమురు బావులు తగలబడుతుంటే ఈ డబ్బు ఎక్కడినుండి వచ్చింది? లండన్‌లో, ఇతర దేశాలలో దశాబ్దాలుగా దాచిపెట్టిన నిధి నుండి వచ్చింది. యజమానికి నిధి ఉంది, పనివానికి ఫారం ఉంది. సార్వభౌమ నిధి అనే మాట మాకు పుస్తకంలో కాక, ఆ అరుగు మీదనే అర్థమైంది.

ఇంతకూ సార్వభౌమ నిధి అనగా ఏమి? ఒక ప్రభుత్వం తన రోజువారీ బడ్జెట్‌తో కలపకుండా వేరుగా ఉంచి, వాటాలు, బాండ్లు, భవనాలు, ఓడరేవులు, విమానాశ్రయాలు వంటి ఆస్తులలో మదుపు చేసే ప్రజాధనమే సార్వభౌమ నిధి. అనేక దేశాలలో ఈ ధనం చమురు, సహజవాయువు, ఖనిజాల అమ్మకం వలన వస్తుంది. సింగపూర్ వంటి దేశాలలో ప్రభుత్వ మిగుళ్లు, విదేశీ మారక నిల్వలు దీనికి మూలం. ‘సావరిన్ వెల్త్ ఫండ్’ అనే పేరు 2005లో మాత్రమే వాడుకలోకి వచ్చింది గాని, పని అంతకు ఎంతో ముందే మొదలైంది. నేడు ప్రపంచంలోని ఇటువంటి నిధులన్నింటి ఆస్తుల విలువ 10 లక్షల కోట్ల డాలర్లకు పైబడి ఉంటుందని అంచనా.

వీటిలో తొలి నిధులలో ఒకటి కువైట్‌దే. 1953లో, అంటే ఆ దేశం బ్రిటిష్ రక్షణ నుండి స్వతంత్రం కావడానికి ఎనిమిది సంవత్సరాల ముందు, లండన్‌లో కువైట్ ఇన్వెస్ట్‌మెంట్ బోర్డు ఏర్పడింది. చమురు ఒకనాటికి తరిగిపోతుంది, అది తరిగేలోగా తరగని ఆస్తిగా మార్చుకోవాలి అన్నది దాని తర్కం. 1976లో ‘భావి తరాల నిధి’ స్థాపించారు. సాధారణ నిల్వలో సగభాగాన్ని దానికి బదిలీ చేసి, ప్రతి ఏటా ప్రభుత్వ ఆదాయంలో కనీసం 10 శాతం దానికి జమ చేయాలని నియమం పెట్టారు. 1982లో వీటన్నిటి నిర్వహణకు కువైట్ ఇన్వెస్ట్‌మెంట్ అథారిటీ అనే సంస్థను నెలకొల్పారు.

ఈ ఆలోచనకు ఇస్లామీయ చరిత్రలో ఒక ప్రసిద్ధ పూర్వరంగం ఉంది. ఇరాక్‌లోని సవాద్ సారవంతమైన భూములు ముస్లిముల ఆధీనంలోకి వచ్చినప్పుడు వాటిని సైనికులకు పంచిపెట్టాలని కొందరు సహాబాలు కోరారు. హజ్రత్ ఉమర్ (రజి.) దీర్ఘ సమాలోచన చేసి, పంచడానికి అంగీకరించలేదని చరిత్రకారులు నమోదు చేశారు. భూమిని సాగుదారుల చేతనే ఉంచి, దానిపై ఖరాజ్ విధించి, ఆ ఆదాయాన్ని బైతుల్‌మాల్‌కు చేర్చారు. నేడు పంచితే రేపు వచ్చేవారికి ఏమి మిగులుతుంది అన్నదే ఆయన ప్రశ్న. పుట్టని బిడ్డకు కూడా ఖాతాలో ఒక పేరు ఉండాలి అన్న న్యాయం అది.

ఇక ఈ నిధులు ప్రపంచంలో చేస్తున్న పని చూద్దాము. మొదటిది, ఇవి ఓపిక గల పెట్టుబడిదారులు. బ్యాంకు తన డిపాజిటుదారులు అడిగిన వెంటనే డబ్బు తిరిగి ఇవ్వాలి. ఈ నిధిని ఎవరూ క్యూ కట్టి అడగరు. అందుచేత ఇతరులు భయపడి అమ్మే వేళ ఇవి కొనగలవు. 2007 చివర అమెరికా బ్యాంకులు నష్టాలలో కూరుకుపోయినప్పుడు అబుధాబీ నిధి సిటీగ్రూప్‌లో 750 కోట్ల డాలర్లు పెట్టింది. 2008 జనవరిలో కువైట్ నిధి సిటీగ్రూప్‌లో 300 కోట్లు, మెరిల్ లించ్‌లో 200 కోట్ల డాలర్లు పెట్టింది. 2009 డిసెంబరులో సిటీగ్రూప్ వాటాను 410 కోట్లకు అమ్మి 110 కోట్ల డాలర్ల లాభం పొందింది. సంపన్న దేశాల బ్యాంకులు పెట్టుబడి కోసం గల్ఫ్ తలుపు తట్టిన కాలమది.

రెండవది, ఈ నిధుల వెనుక ప్రభుత్వం ఉంటుంది కనుక ఆతిథ్య దేశాలకు అనుమానమూ ఉంటుంది. 1987లో బ్రిటిష్ ప్రభుత్వం బ్రిటిష్ పెట్రోలియంలోని తన వాటాలను అమ్మకానికి పెట్టింది. అదే సమయంలో స్టాక్ మార్కెట్లు కుప్పకూలాయి. కొనేవారు కరువైన ఆ వాటాలను కువైట్ కొంటూ పోయి 21.6 శాతానికి చేరింది. అప్పుడు లండన్ ప్రభుత్వం మేల్కొని, దానిని 9.9 శాతానికి తగ్గించుకొమ్మని ఆదేశించింది. డబ్బు కావలెను గాని ఆ డబ్బుతో వచ్చే మాట వద్దు అన్నది ఇందలి సారాంశం. ఈ అనుమానాలను తగ్గించడానికే 2008లో చిలీ రాజధాని పేరుతో ‘శాంటియాగో సూత్రాలు’ అనే 24 నియమాలను ఈ నిధులు తమకు తామే అంగీకరించాయి. మదుపు రాజకీయం కోసం కాక ఆర్థిక ప్రయోజనం కోసమే చేస్తామనీ, పాలన పద్ధతులను వెల్లడిస్తామనీ వాటి తాత్పర్యం. అయితే ఇవి స్వచ్ఛంద నియమాలు. ఉల్లంఘిస్తే శిక్షించే న్యాయస్థానం ఏదీ లేదు.

మూడవది, అభివృద్ధి చెందుతున్న దేశాలు నేడు ఈ నిధుల కోసం పోటీపడుతున్నాయి. మన దేశం 2020లో ఆదాయపు పన్ను చట్టాన్ని సవరించి, మౌలిక వసతులలో పెట్టుబడి పెట్టే సార్వభౌమ నిధుల ఆదాయానికి పన్ను మినహాయింపు ఇచ్చింది. ఆ గడువును ఇప్పుడు 2030 మార్చి వరకు పొడిగించింది. అదే 2020లో సౌదీ అరేబియా నిధి 11,367 కోట్ల రూపాయలతో జియో ప్లాట్‌ఫామ్స్‌లో 2.32 శాతం వాటా కొన్నది. హైదరాబాదు కేంద్రంగా గల గ్రీన్‌కో విద్యుత్ సంస్థలో సింగపూర్, అబుధాబీ నిధులు మదుపు చేశాయి. 2015లో కువైట్ నిధి జి.ఎం.ఆర్. సంస్థ బాండ్లలో 30 కోట్ల డాలర్లు పెట్టింది. శంషాబాద్ విమానాశ్రయాన్ని నిర్మించి నడుపుతున్నది ఆ సంస్థల సముదాయమే. ఒకసారి ఆలోచించండి. మన రాజంపేట యువకుడు అప్పు చేసి వీసా సంపాదించి, శంషాబాద్‌లో విమానమెక్కి కువైట్‌కు పోతాడు. కువైట్ వారి చమురు డబ్బు అదే దారిలో ఎదురువచ్చి మన విమానాశ్రయపు సంస్థలో కూర్చుంటుంది. ఆ డబ్బు కోసం ప్రభుత్వాలు చట్టాలు సవరించాయి. ఈ యువకుని జీతం బకాయి పడితే మాత్రం అతని భార్య కలెక్టరు కార్యాలయంలో అర్జీ పట్టుకొని నిలబడవలసి వస్తున్నది.

సోదరులారా, ఇంతవరకు నిధుల బలం చెప్పాము. ఇప్పుడు గుమాస్తాగా మా అసలు ప్రశ్నకు వస్తాము. లెక్క ఎవరు చూశారు?

కువైట్ నిధి చట్టం ప్రకారం దాని ఆస్తుల వివరాలను బయట వెల్లడించడం నిషిద్ధం. నివేదికలు ప్రభుత్వానికి, మూసిన తలుపుల వెనుక పార్లమెంటుకు మాత్రమే అందేవి. మూసిన తలుపు వెనుక ఏమి జరుగగలదో ఆ దేశమే చవిచూసింది. స్పెయిన్‌లో గ్రూపో టొర్రాస్ అనే సంస్థ ద్వారా లండన్ కార్యాలయం పెట్టిన భారీ పెట్టుబడులు 1992లో కూలిపోయాయి. దేశం ఆక్రమణలో విలవిలలాడిన కాలంలోనే అందులోని సొమ్ము పక్కదారి పట్టినట్లు తరువాత బయటపడింది. ఆ కార్యాలయపు మాజీ అధ్యక్షుడు సహా కొందరిని మోసానికి బాధ్యులుగా 1999లో లండన్ న్యాయస్థానం నిర్ధారించింది. భావి తరాల నిధికి ఏటా 10 శాతం జమ చేయాలన్న నియమాన్ని సైతం 2020లో సడలించి, మిగులు ఉన్న ఏడాది మాత్రమే చేస్తే చాలునన్నారు. 2024 మే నెలలో పార్లమెంటే రద్దయింది. మూసిన తలుపు వెనుకనైనా లెక్క అడిగే సభ ఇప్పుడు లేదు.

ఇంకొక దేశం సంగతి వినండి. ఫారూఖ్ అల్ ఖాసిం అనే భూగర్భ శాస్త్రవేత్త ఇరాక్‌లోని బస్రా ప్రాంతానికి చెందినవారు. ఆయన భార్య నార్వే దేశస్థురాలు. జబ్బుతో ఉన్న తమ బిడ్డకు వైద్యం కోసం 1968లో ఆయన ఇరాక్‌లోని మంచి ఉద్యోగం వదులుకొని నార్వేకు వలసపోయారు. మరుసటి ఏడాదే అక్కడి సముద్ర గర్భంలో ఎకోఫిస్క్ చమురు నిక్షేపం కనుగొన్నారు. చమురు వ్యవహారం తెలిసినవారు అరుదుగా ఉన్న ఆ ప్రభుత్వంలో ఈ వలసదారుడు సలహాదారుగా చేరారు. చమురు ప్రజలదిగా ఉండాలి, తొందరపడి తోడివేయరాదు, నియంత్రించేవారు వేరు, వ్యాపారం చేసేవారు వేరుగా ఉండాలి అన్న పద్ధతిని తీర్చిదిద్దడంలో ఆయన ప్రధాన పాత్ర వహించారు. ఆ పునాది మీదనే నార్వే 1990లో చమురు నిధి చట్టం చేసింది. 1996లో తొలి జమ పడింది. 2017లో నిధి ఒక లక్ష కోట్ల డాలర్లు దాటింది. నేడు ప్రపంచంలోని నమోదిత కంపెనీల వాటాలలో సుమారు 1.5 శాతం ఆ నిధి చేతిలో ఉంది.

అంత పెద్ద నిధిని కాపాడుతున్నది రెండు చిన్న కట్టుబాట్లు. మొదటిది తీసుకొనే నియమం. నిధి సగటున ఎంత సంపాదించగలదని అంచనా వేస్తారో అంతే బడ్జెట్‌కు తీసుకోవాలి. 2001లో దానిని 4 శాతంగా నిర్ణయించి, 2017లో 3 శాతానికి తగ్గించారు. అసలును తాకరాదు, ఫలసాయమే తినాలి. రెండవది తెరచిన ఖాతా. ఏ దేశంలో ఏ కంపెనీలో ఎంత వాటా ఉన్నదో పూర్తి జాబితాను నిధి ప్రకటిస్తుంది. జాలరి అయినా, బడి పంతులు అయినా చూడవచ్చు.

ఈ కట్టుబాట్లు కొరవడినచోట ఏమైనదో పసిఫిక్ సముద్రంలోని నౌరూ ద్వీపం చెబుతుంది. పదివేల మంది మాత్రమే నివసించే ఆ ద్వీపం ఫాస్ఫేట్ గనుల వలన 1970లలో తలసరి ఆదాయంలో ప్రపంచపు అగ్రశ్రేణిలో నిలిచింది. గనులు తరిగాక ఆదుకోవడానికి ఒక ట్రస్టు నిధి పెట్టుకున్నారు. ఆ సొమ్ముతో మెల్‌బోర్న్‌లో 52 అంతస్తుల భవనం కట్టారు. 1993లో లండన్‌లో ఒక సంగీత నాటకానికి పెట్టుబడి పెట్టారు, అది విఫలమైంది. నిధిని తనఖా పెట్టి అప్పులు తెచ్చారు. 2004 నాటికి అప్పులవారు ఆస్తులను స్వాధీనం చేసుకున్నారు, ఆ భవనమూ అమ్ముడుపోయింది. ఫాస్ఫేట్ పోయింది, దానికి బదులుగా దాచిన డబ్బూ పోయింది. మలేషియాలో 2009లో నెలకొల్పిన 1ఎం.డి.బి. ప్రభుత్వ నిధి నుండి 450 కోట్ల డాలర్లకు పైగా సొమ్ము దారి మళ్లిందని అమెరికా న్యాయశాఖ ఆరోపించింది. ఆ వ్యవహారంతో ముడిపడిన కేసులో మాజీ ప్రధాని నజీబ్ రజాక్ 2022లో జైలుకు వెళ్లారు. నిర్వాహకులు ముస్లింలైనా, క్రైస్తవులైనా, పేరులో ‘భావి తరాలు’ అని ఉన్నా లేకున్నా, మూసిన ఖాతా ఒకే విధంగా ప్రవర్తిస్తుంది. ఈ మాట చెప్పడానికి మనం మొహమాటపడరాదు.

మరొక ప్రశ్న మిగిలి ఉంది. భావి తరాలు అన్నప్పుడు ఎవరి తరాలు? కువైట్ జనాభాలో పౌరులు మూడవ వంతుకు మించరు. మిగిలినవారు రోడ్లు వేసినవారు, ఇళ్లలో వండినవారు, ట్యాంకర్లు నడిపినవారు. వారిలో భారతీయులే అత్యధికులు. ఆ నిధి ఖాతాలో వీరికి గడి లేదు. ఏ దేశపు ఖనిజ సంపద ఆ దేశ ప్రజలదే, దానిని మేము ప్రశ్నించడం లేదు. అయితే పనిచేసిన చేతికి చెమట ఆరకముందే కూలి ముట్టాలన్నది మన ధర్మం నేర్పిన సూత్రం. నిధి అంత పదిలంగా దాచగల రాజ్యానికి, పనివాని జీతం బకాయిని అంతే పదిలంగా నమోదు చేయడం కష్టం కాదు. సార్వభౌమ నిధులకు పన్ను మినహాయింపు ఇచ్చేటప్పుడు మన ప్రభుత్వాలు ఆయా దేశాలతో ఈ మాట కూడా మాట్లాడాలని మనం కోరాలి. మా అరుగు మీద ఫారాలు నింపుకున్నవారికి కొందరికి ఏళ్ల తరువాత పరిహారం వచ్చింది. అది ఇరాక్ చమురు ఆదాయంలో మినహాయించిన సొమ్ము. ఒక దేశపు చమురుతో ఒక నిధి, మరొక దేశపు చమురుతో పరిహారం. రెంటి మధ్య మన మనిషి చేతిలో ఉన్నది ఒక రసీదు అయి ఉంటే అతని దారి ఎంతో సుగమమయ్యేది. అందుకే వెళ్లే ప్రతి బిడ్డకూ చెబుతాము: ఒప్పందం నకలు, జీతం చీటీ, బ్యాంకు పుస్తకం ఇంటి దగ్గర ఒక ప్రతి ఉంచి వెళ్లు నాయనా అని.

చివరిగా మన సొంత ఖాతా గురించి. అసలును తాకకుండా ఫలసాయాన్ని మాత్రమే వెచ్చించడం అన్న నార్వే నియమం వింటే మీకు ఏమి గుర్తుకు వచ్చింది? అదే వక్ఫ్. మన పూర్వీకులు శతాబ్దాల క్రితమే పుట్టబోయేవారి పేరిట నిధులు నెలకొల్పారు. వక్ఫ్ చట్టంపై దేశమంతటా వాదోపవాదాలు సాగుతున్న ఈ కాలంలో, హక్కుల కోసం న్యాయస్థానాలలో పోరాడవలసిందే. దానితో పాటు మన ఇంటి తలుపు కూడా తెరవాలి.

పదవీ విరమణ తరువాత మేము మా ఊరి మస్జిదు కమిటీలో లెక్కల పని చేపట్టాము. మొదటిరోజు ఖాతా పుస్తకం అడిగితే ఒక సంచిలో చీటీలు ఇచ్చారు. మస్జిదుకు చెందిన దుకాణాలలో కొన్నింటి అద్దె ఒక తరం క్రితం నాటిదే. ఎవరూ దొంగిలించలేదు, ఎవరూ అడగలేదు, అంతే. మేము చేసిన పని ఒక్కటే. ప్రతి నెలా రాబడి, ఖర్చు ఒక కాగితం మీద రాసి, జుమా నమాజుకు ముందు నోటీసు బోర్డుకు అంటించాము. మొదట కొందరు పెద్దలు నొచ్చుకున్నారు. ‘మామీద నమ్మకం లేదా, భాయీ?’ అన్నారు. ‘నమ్మకం ఉన్నందుకే రాస్తున్నాము. రేపు మీరూ మేమూ లేనప్పుడు ఈ కాగితమే మన తరఫున సాక్ష్యం చెబుతుంది’ అన్నాము. ఆరవ నెలకు ఒక దుకాణదారుడు తానే వచ్చి అద్దె పెంచుకొమ్మన్నాడు. నోటీసు బోర్డు మీద తన పేరు పక్కన ఉన్న అంకెను చదివిన తన కుమారుడు సిగ్గుపడ్డాడట. ఆ పెరిగిన అద్దెతో నేడు కొందరు ఆడపిల్లల కళాశాల ఫీజు కడుతున్నాము.

సోదర సోదరీమణులారా, లక్షల కోట్ల డాలర్ల నిధులు మన చేతిలో లేవు. నార్వేను, కువైట్‌ను సరిదిద్దే శక్తి మనకు లేదు. కాని మన మస్జిదు, మన దర్గా, మన ఖబరస్తాన్, మన మదరసా ఖాతా మన చేతిలో ఉన్నది. ఇక్కడి నుండి వెళ్లిన తరువాత వచ్చే జుమా నాడు మీ కమిటీ పెద్దలను గౌరవంగా, సలాము చెప్పి, ఒక్క ప్రశ్న అడగండి: ‘ఈ నెల లెక్క ఎక్కడ అంటించారు?’ పుట్టబోయేవారు వచ్చి అడగలేరు. వారి తరఫున అడగవలసినవారము మనమే.

అల్లాహ్ మనకు అమానత్‌ను కాపాడే శక్తిని ప్రసాదించుగాక. ఆమీన్. సెలవు.